పేరు తియ్యమన్నవాడు

సుజన కాలనీ సంక్షేమ సంఘానికి ముందు లెటర్‌హెడ్ వేయించుకోవాలన్న కోరిక పుట్టింది. లెటర్‌హెడ్ మీద 'కార్యాలయం' అని ఒక మాట ఉంటుంది కాబట్టి కార్యాలయం కావలసి వచ్చింది. కార్యాలయానికి గది కావాలి కాబట్టి, కాలనీకి నీళ్లు వదులుతూ మోటారు గదిలో కాపురం ఉంటున్న సారయ్య ఖాళీ చెయ్యవలసి వచ్చింది. ఇందులో ఎవరికీ సారయ్య మీద కోపం లేదు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి, మర్యాదగా, తమంతట తామే వచ్చాయి.

ఇది ఎనభై తొమ్మిది నాటి మాట. పంజాగుట్ట చౌరస్తా దాటడానికి అప్పుడు ఎవరికీ మొక్కుకోనక్కర్లేదు, అటూ ఇటూ చూస్తే చాలు. అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్పే బోర్డుల కంటే టైపు నేర్పే బోర్డులే ఎక్కువ. సాయంత్రమైతే మేడ మీద కిటికీల్లోంచి టకటకలు వానలాగా వినిపించేవి. సుజన కాలనీ ఈ రెంటికీ మధ్య, రాళ్లు పగలగొట్టి చదును చేసిన నేల మీద ఉండేది. అక్కడ ఉన్న ప్రతివాడూ తాను బంజారా హిల్స్‌కి చాలా దగ్గర్లో ఉంటున్నానని బంధువులకి ఉత్తరాలు రాసేవాడు.

అచ్యుతరావు ఆ సంఘానికి కార్యదర్శి. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. కాలనీ పుట్టినప్పటి నుంచీ ఆయనే కార్యదర్శి, ఎందుకంటే ఆయన దస్తూరి బాగుంటుంది. ఎవరి దస్తూరి బాగుంటే వాళ్లు కార్యదర్శి, ఎవరింట్లో కుర్చీలు ఎక్కువుంటే వాళ్లు అధ్యక్షుడు. ప్రజాస్వామ్యం ఆ రోజుల్లో అంత తేలిగ్గా నడిచేది.

మినిట్స్ రాయడంలో ఆయనకి ఆయనే సాటి. 'సుదీర్ఘంగా చర్చించిన మీదట' అని రాశాడంటే ఇద్దరు ముగ్గురు కుర్చీల్లోంచి లేచారని అర్థం. 'సభ్యులు అమితాసక్తి కనబరిచారు' అంటే చొక్కాలు పట్టుకున్నారని. 'సమయాభావం వల్ల' అంటే కరెంటు పోయిందని. నల్ల అట్ట పుస్తకంలో, నీలం సిరాతో, ప్రతి కొట్లాటా పెళ్లిపిలుపంత మర్యాదగా పడుకుని ఉండేది. చివర 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాసి కింద గీత గీసి సిరా ఆరేదాకా ఊదేవాడు. ఆ పుస్తకాన్ని తిరిగి ఎవరూ చదివేవాళ్లు కాదు. దాని గొప్పతనం అదే. ఆ పుస్తకంలో సారయ్యని చాలాసార్లు ఉద్యోగంలోంచి తీసేశారు. ఒకసారి తాగాడని, ఒకసారి ఊరికెళ్లి రాలేదని, ఒకసారి అధ్యక్షుల వారి వీధికి నీళ్లు ఆలస్యంగా వదిలాడని. తీసేసిన మర్నాడు పొద్దున్నే సారయ్య మామూలుగా నీళ్లు వదిలేవాడు, తీసేసినవాళ్లు మామూలుగా బిందెలు నింపుకునేవాళ్లు.

ఇలా అంతా సవ్యంగా జరిగిపోతున్న రోజుల్లో అధ్యక్షుడు రామ్మోహనరావు బంజారా హిల్స్‌లో బావమరిది ఇంటికి భోజనానికి వెళ్లాడు. వెళ్లినవాడు భోంచేసి రాకుండా, అక్కడి సంఘం వాళ్ల మినిట్స్ చూసి వచ్చాడు. అచ్చులో ఉన్నాయి. కంప్యూటర్‌లో కొట్టించారట. పైన లెటర్‌హెడ్, పక్కన కార్యవర్గం పేర్లు. రామ్మోహనరావు ఇరిగేషన్‌లో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసినవాడు, వరదలు చూసినవాడు. ఆ కాగితం చూశాక మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని ఆయన భార్య చెప్పింది.

బుధవారం నాడు అచ్యుతరావుని పిలిపించి పని అప్పజెప్పాడు. ఆదివారం మీటింగు. ఎజెండా, మినిట్స్ రెండూ కంప్యూటర్‌లో, ఒకే కాగితానికి అటొకటి ఇటొకటి. అచ్యుతరావు ముందు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు. ఎజెండా అంటే సరే, మీటింగు కాకముందే మినిట్స్ ఎలా వస్తాయని అడిగాడు.

"బ్రిడ్జి కట్టేముందు డ్రాయింగు గీస్తామా, కట్టాక గీస్తామా?" అన్నాడు రామ్మోహనరావు. "ఏం తీర్మానిస్తామో మనకి తెలీదా ఏంటండీ? రెండుసార్లు తిరగడం దేనికి?"

అచ్యుతరావు సర్కారు ఆఫీసులో చేసినవాడు కాబట్టి ఈ వాదనలో ఉన్న బలం వెంటనే గ్రహించాడు. అంశాలు రాసుకున్నాడు. ఒకటి, గత సమావేశపు మినిట్స్ ఆమోదం. రెండు, జమాఖర్చులు. మూడు, వినాయక చవితి పందిరి. నాలుగు, మోటారు గదిని ఖాళీ చేయించి సంఘ కార్యాలయంగా మార్చడం. ఐదు, అధ్యక్షుల వారి శ్రీమతి సంఘానికి బహూకరించిన గోడ గడియారానికి ధన్యవాదాలు, తేనీటి విందు.

నాలుగో అంశం రాస్తుంటే పెన్ను ఒక్కక్షణం ఆగింది. సారయ్య ఎక్కడికి వెళతాడని అడిగాడు. ఏదో ఒకటి చూసుకుంటాడు లెండి, కృష్ణానగర్ వైపు గుడిసెలు చవగ్గా దొరుకుతాయట అన్నాడు రామ్మోహనరావు. తర్వాత పేర్ల విషయానికి వచ్చాడు. ఈ విషయం మీద ఆయన చాలాసేపు మాట్లాడాడు.

ఆ సాయంత్రం నుంచి అచ్యుతరావు ఇంటి వరండా తిరునాళ్లయింది. పేర్లు లావు అక్షరాల్లో పడతాయని, వాటిని బోల్డ్ అంటారని కాలనీ అంతా తెలిసిపోయింది. నల్ల పుస్తకంలో తన పేరు తప్పు పడినా పట్టించుకోనివాళ్లు, ఇప్పుడు ఇంటిపేరుతో సహా చీటీ మీద రాసి తెచ్చారు. ఒకాయన బి.కాం. పక్కన పాసైన సంవత్సరం కూడా వెయ్యమన్నాడు. ఒకాయన టెలిఫోన్ సలహా సంఘంలో మాజీ సభ్యుడినని రాశాడు, అయితే ఆయనింట్లో టెలిఫోన్ లేదు. కోశాధికారి శివరాములుది సిరిసిల్ల వైపు, అమీర్‌పేటలో బట్టల దుకాణం. డిగ్రీలు లేని లోటు తీర్చుకోవడానికి పేరు కింద దుకాణం పేరు, దాని కింద 'సూటింగ్స్, షర్టింగ్స్' అని వెయ్యమన్నాడు.

అచ్యుతరావు భార్య సుభద్రమ్మకి ఇదంతా నచ్చలేదు. ఆ వరండా ఆవిడది. సన్నజాజి తీగ, పేము కుర్చీలు, సాయంత్రం పూట నలుగురు ఆడవాళ్లు కూచుని పూలు కట్టుకుంటూ మిగతా కాలనీని కడిగి ఆరేసే చోటు. మగవాళ్లు చెప్పుల బురదతో వచ్చి డిగ్రీలు చెప్పుకునే చోటు కాదని ఆవిడ రెండుసార్లు లోపలికి వినపడేలాగా, ఒకసారి బయటికి వినపడేలాగా అంది.

గురువారం పొద్దున అచ్యుతరావు స్కూటర్ బయటికి తీసి, పక్కకి వంచి, పెట్రోలు దిగేదాకా పట్టుకుని నిలబడ్డాడు. గేటు దగ్గరికి సారయ్య వచ్చాడు. నీళ్లు తిప్పే ఇనపకడ్డీ భుజం మీద ఉంది. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఆయన ముందుకి రాకుండా గేటు అవతలే నిలబడి, కడ్డీ కిందకి దించి, దానికంటిన మట్టిని బొటనవేలితో గీకడం మొదలుపెట్టాడు.

"సారూ, గా కంపూటర్ల అందరి పేర్లు ఎక్కిస్తున్నరట."

అవునన్నాడు అచ్యుతరావు.

"నాది సుత ఎక్కుతదట గద."

అచ్యుతరావు స్కూటర్‌ని నిటారుగా నిలబెట్టాడు. ఎవరు చెప్పారని అడగలేదు. సారయ్య భార్య పోచమ్మ తమ ఇంట్లోనే అంట్లు తోముతుంది, వరండాలో మాటలు దొడ్లోకి వెళ్లడానికి ఎంతసేపు.

"జర నాది తియ్యిన్రి సారూ," అన్నాడు సారయ్య. "మీరు చేతితోని రాసినప్పుడు నన్ను మస్తు సార్లు తీసేసిన్రు. నాకేం ఫికర్ లేకుండె. గది బుక్కుల ఉండె, ఎవ్వలు సదవకపోతుండె. గిది అచ్చట. ఇంటింటికి పంచుతరట. అచ్చుల ఎక్కినంక నేను ఉంటనంటే ఉండనిస్తరా?"

అచ్యుతరావు చూద్దాం లే అన్నాడు. సర్కారు ఆఫీసులో ముప్పయ్యేళ్లు చెప్పిన మాట అది. సారయ్య తలూపి, కడ్డీ భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు. స్కూటర్ మూడో తన్నుకి స్టార్టయింది. దారి పొడుగునా అచ్యుతరావుకి ఒకటే గుర్తొచ్చింది. బుధవారం సాయంత్రం నుంచి వచ్చినవాళ్లంతా పేరు వెయ్యమన్నవాళ్లే. పేరు తియ్యమన్నవాడు ఇతనొక్కడు.

దిలావర్ భాయ్ దుకాణం అమీర్‌పేటలో ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో. అంతకుముందు అది ప్రింటింగ్ ప్రెస్. చేత్తో సీసం అక్షరాలు ఏరి కూర్చేవాళ్లు. పెళ్లిపత్రికలు, చందా రసీదులు, సంతాప సభల కరపత్రాలు. అచ్యుతరావు వినాయక చవితి రసీదు పుస్తకాలకి ఏటా అక్కడికే వచ్చేవాడు. సిరా, కిరసనాయిలు కలిసిన వాసన మెట్ల మీదే ఎదురయ్యేది. ఇప్పుడు ముందుగదిలో అద్దాల తలుపు, ఏసీ. ఏసీ మనుషులకి కాదు, కంప్యూటర్‌కి. మనుషులు దాని నీడలో కాసేపు చల్లబడితే దిలావర్ ఏమీ అనుకునేవాడు కాదు. తలుపు బయట చెప్పులు విడవాలి. గుళ్లో కూడా చెప్పులు ఎక్కడో పారేసి వచ్చే రామ్మోహనరావు, ఒకసారి వచ్చినప్పుడు ఇక్కడ వాటిని జతగా పెట్టి, వాటి మొనలు గోడకేసి తిప్పి లోపలికి వచ్చాడట.

కంప్యూటర్ ముందు దిలావర్ మేనకోడలు సుగ్రా కూచుంటుంది. దుపట్టా తలమీద, భుజాల మీద స్వెటరు. మే నెలలో కూడా స్వెటరే. ఏసీకి ఎదురుగా ఉండేది ఆ పిల్ల ఒక్కతే మరి. పొద్దున రాగానే కీబోర్డు మీద కప్పిన కుట్టుపని గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, డ్రాయర్లో దాచి, ఫ్లాపీని కవర్లోంచి రెండు వేళ్లతో అంచు పట్టుకుని తీసేది. ఇంగ్లీషు కీల మీద తెలుగు కొట్టేది. గుణింతపు అక్షరం ఒక కీ, దానికింద ఒత్తు ఇంకో కీ, ఆ ఒత్తు సరిగ్గా అక్షరం కిందికి రాకపోతే వెనక్కి జరపడానికి మరో కీ. 'కార్యదర్శి' అన్న మాట కొట్టడానికి ఆ పిల్ల వేళ్లు చేసే విన్యాసం చూసి అచ్యుతరావు తన పదవి ఇంత కష్టమైనదా అని ఆశ్చర్యపోయాడు.

గురువారం రాతప్రతి ఇచ్చి వచ్చాడు. శనివారం రమ్మంది. శనివారం వెళ్లేసరికి సుగ్రా తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూచుంది.

"అంకుల్, జాగ సరిపోతలేదు," అంది.

చూపించింది. కాగితానికి ముందూ వెనకా లెటర్‌హెడ్, దాని ఎడమపక్క నిలువునా కార్యవర్గం పేర్లు. బోల్డ్‌లో. పేరు కింద డిగ్రీ, డిగ్రీ కింద పదవి, పదవి కింద మాజీ పదవి, శివరాములు దగ్గర సూటింగ్స్, షర్టింగ్స్. కాగితంలో మూడో వంతు పేర్లే తినేశాయి. మిగిలిన చోటులో ఎజెండా ఇరుక్కుని పట్టింది గానీ, వెనకవైపు మినిట్స్ పట్టలేదు. చివరి నాలుగు లైన్లు, కింద సంతకాల చోటు, రెండో కాగితంలోకి వెళ్లిపోయాయి.

రెండో కాగితం వేస్తే పోలేదా అన్నాడు అచ్యుతరావు. వెయ్యొచ్చు గానీ దాని మీద లెటర్‌హెడ్ ఉండదు, ఒట్టి కాగితం మీద నాలుగు లైన్లు వేలాడుతూ ఉంటాయి, అధ్యక్షుల వారు ఒప్పుకుంటారా అంది సుగ్రా. ఒప్పుకోడు. అక్షరాలు సన్నం చెయ్యొచ్చు కదా అన్నాడు. చేసి చూపించింది. అక్షరాలు చీమలయ్యాయి, ఒత్తులు ఆ చీమల కాళ్లయ్యాయి.

"పేర్లకు బోల్డ్ తీసి డిగ్రీలు ఒక లైన్ల కలిపేద్దాం. మొత్తం వస్తది. సూటింగ్స్ కూడా వస్తది," అంది.

అచ్యుతరావు కౌంటర్ మీద ఫోన్ తీసుకుని అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. విషయం చెప్పాడు. వరద వార్త విన్నట్టుగా అవతల గొంతు పెరిగింది.

"పేర్ల జోలికి మాత్రం వెళ్లకండి," అన్నాడు రామ్మోహనరావు. "రేపు అందరూ నా మీద పడతారు. అంశాల్లో ఏదో ఒకటి తీసెయ్యండి, వచ్చే నెల వేసుకుందాం."

"ఏది తియ్యమంటారు?"

"అదీ నేనే చెప్పాలా ఏంటండీ? ఇన్నేళ్లు కార్యదర్శి చేశారు, ఏది ముఖ్యమో ఏది కాదో మీకు తెలీదూ? గడియారం మాత్రం ఉంచండి."

ఫోన్ పెట్టేశాడు. అచ్యుతరావు కుర్చీ లాక్కుని సుగ్రా పక్కన కూచున్నాడు. తెర మీద పచ్చటి అక్షరాల్లో ఐదు అంశాలు. మొదటిది తియ్యడానికి లేదు, అది లేకపోతే మీటింగే మొదలవదు. జమాఖర్చులు తీసేస్తే శివరాములు ఊరుకోడు, పైగా అనుమానం వస్తుంది. చవితి పందిరి తీసేస్తే దేవుడు ఊరుకోడు, పైగా చందాలు రావు. గడియారం సంగతి అధ్యక్షుడే చెప్పాడు. అలా వరసగా చూస్తూ వస్తే నాలుగోది దానంతట అదే మిగిలింది. సారయ్య ఖాళీ చెయ్యవలసి వచ్చినప్పుడు అన్నీ ఎలా వచ్చాయో, అలాగే మర్యాదగా.

అయినా అది చెప్పేముందు ఆయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన మినిట్స్‌లో మాటలు మెత్తబరిచాడు గానీ, ఒక్క తీర్మానం కూడా మింగలేదు. తిట్టుని 'అభిప్రాయభేదం'గా మార్చడం వేరు, లేకుండా చెయ్యడం వేరు. ముప్పయ్యేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాడు చెయ్యని పని అది.

"నాలుగోది తీసెయ్యమ్మా," అన్నాడు.

సుగ్రా ఆ నాలుగు లైన్లనీ ఒకచోట పట్టింది. అవి తెర మీద నలుపు, పచ్చ తారుమారై వెలిగాయి. 'సారయ్య నివసించుచున్న మోటారు గదిని' అన్నచోట ఆ పిల్ల వేలు ఆగింది. ఒకసారి ఆయన వంక చూసింది. ఆయన తలూపాడు. ఒక కీ నొక్కింది. అంతే. కింది లైన్లు చప్పుడు లేకుండా పైకి వచ్చి కూచున్నాయి. ఐదుని నాలుగు చేసింది. తెర మీద ముందు పేజీకి వెళ్లి, ఎజెండాలో కూడా అలాగే తీసింది.

అచ్యుతరావు అలాగే చూస్తూ ఉండిపోయాడు. పెన్నుతో కొట్టేస్తే కొట్టేసిన మాట గీత కిందనుంచి కనిపిస్తూ ఉంటుంది, పక్కన పొట్టి సంతకం పెట్టాలి, ఎందుకు కొట్టేశావని ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారు. దిలావర్ పాత ప్రెస్సులోనైనా తీసేసిన సీసం అక్షరాలు ఒక పళ్లెంలో పడి ఉండేవి. ఇక్కడ మచ్చయినా మిగల్లేదు. ఇలాంటి వస్తువు తన సర్వీసులో ఉండి ఉంటే డిపార్టుమెంటు ఎంత ప్రశాంతంగా ఉండేదో అనుకుని, అలా అనుకున్నందుకు కొంచెం భయపడ్డాడు.

అయితే ఆయనకి ఇంకోటి కూడా తెలుసు. తీసింది ఈ నెలకే. వచ్చే నెల ఆ నాలుగు లైన్లూ మళ్లీ వస్తాయి, ఈసారి ముందు వరసలో.

"అంకుల్, ఇంకొకటి," అంది సుగ్రా. "లెటర్‌హెడ్‌ల కార్యాలయం అని పెట్టి ఖాళీ ఇడిసిన్రు. అడ్రస్ చెప్తే మామూ ఇవాళే మెషీన్ మీద ఎక్కిస్తడు. శివరాములు సేట్ ఒట్టి లెటర్‌హెడ్‌లు వెయ్యి కొట్టమన్నడు. నూరు కొట్టినా మెషీన్ కడిగేది ఒకటే సారి కదా అన్నడట."

అచ్యుతరావు జేబులోంచి అధ్యక్షుడు రాసిచ్చిన చీటీ తీశాడు. 'కార్యాలయం: మోటారు గది, సుజన కాలనీ' అని ఉంది. చదివి వినిపించాడు.

"ఇంటి నంబర్?"

"దానికి నంబరు లేదమ్మా. పంపుల గది అది."

"నంబర్ లేకుంటే పోస్ట్ ఎట్ల వస్తది అంకుల్? ఆఫీస్ అంటున్నరు కదా."

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. వేళ్లు కీల మీద పెట్టుకుని, తల ఇటు తిప్పి, జవాబు కోసం చూస్తోంది. వెనకగదిలో దిలావర్ మెషీనుకి నూనె పోస్తున్న చప్పుడు. అచ్యుతరావు చీటీని రెండు మడతలు పెట్టాడు, నాలుగు మడతలు పెట్టాడు, జేబులో పెట్టుకున్నాడు. పంజాగుట్టలో ఏ ఇంటి నంబరైనా ఆరు బై మూడుతోనే మొదలవుతుంది. ఆరు, అన్నాడు. మూడు, అన్నాడు. ఆ తర్వాత నోరు అలవాటు కొద్దీ తన ఇంటి నంబరు చెప్పింది. రేషన్ కార్డుకి, కరెంటు ఆఫీసుకి, బ్యాంకుకి ఇన్నేళ్లుగా చెప్పిన నంబరు. సుగ్రా కొట్టింది. ఆయన అక్షరదోషాలున్నాయేమో చూసి బాగుంది అన్నాడు. తలుపు బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఎడమదీ కుడిదీ తారుమారయ్యాయి.

ఆదివారం సాయంత్రం అధ్యక్షుడి హాల్లో సమావేశం. గోడ మీద కొత్త గడియారం. ప్రతి కుర్చీలోనూ ఒక కాగితం. దళసరిగా, తెల్లగా, ముట్టుకుంటే వేలిముద్ర పడుతుందేమో అనిపించేలా ఉంది. సభ్యులు ముందు తమ పేర్లు చూసుకున్నారు, తర్వాత పక్కవాడి పేరు తమదాని కంటే లావుగా ఉందేమో చూశారు. అన్నీ ఒకే లావు. కాసేపు హాల్లో అంతటి సామరస్యం ఇదివరకెప్పుడూ లేదు.

మీటింగ్ మినిట్స్ ప్రకారమే నడిచింది. ఎవరైనా కొంచెం ఎక్కువ మాట్లాడబోతే రామ్మోహనరావు కాగితం తిప్పి, 'క్లుప్తంగా చర్చించిన మీదట' అని ఉందండీ అని గుర్తు చేశాడు. వాళ్లు క్లుప్తపరిచారు. చవితి పందిరి దగ్గర ఒకాయన నాకు అభ్యంతరం ఉందన్నాడు. పక్కాయన కాగితంలో 'ఏకగ్రీవంగా' అన్న చోట వేలు పెట్టి చూపించాడు. అభ్యంతరం ఉన్నాయన ఓహో అని కూచున్నాడు. గడియారం దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"హర్షధ్వానాలు అని రాసి ఉన్నది సార్," అన్నాడు శివరాములు.

అందరూ కొట్టారు.

టీ కప్పులు వచ్చాయి. రామ్మోహనరావు కప్పు అందుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి, నుదురు ముడిచాడు. ఏదో ఒకటి తగ్గిందే అన్నాడు. తర్వాత గుర్తొచ్చింది. మోటారు గది. అచ్యుతరావు చోటు సరిపోలేదని, తమరే ఒకటి తియ్యమన్నారని చెప్పాడు. అయితే ఇప్పుడు కింద పెన్నుతో రాసేద్దాం అన్నాడు రామ్మోహనరావు. నాలుగు లైన్లేగా. పెన్ను కూడా తీశాడు. చెయ్యి చాపి పెన్ను అందుకోవలసింది తనే, ఆ దస్తూరి తనదే.

శివరాములు తన కాగితాన్ని ఛాతీకి ఆనించుకున్నాడు.

"అచ్చు మీద పెన్ను ఎట్ల రాస్తం సార్? పెండ్లి కార్డు మీద బాకీ లెక్క రాసినట్టుంటది."

మిగతావాళ్లు కూడా తమ తమ కాగితాలు కొంచెం దగ్గరికి తీసుకున్నారు. ఒకాయన దీన్ని ఫ్రేము కట్టించాలనుకుంటున్నానని మెల్లిగా చెప్పాడు. రామ్మోహనరావు తన కాగితం వైపు చూసుకున్నాడు. పైన తన పేరు, దాని కింద రెండు డిగ్రీలు. పెన్నుకి మూత పెట్టాడు.

"సరే, వచ్చే నెల మొదటి అంశం అదే," అన్నాడు. అప్పుడే ఆయన చూపు ఇంకొంచెం పైకి వెళ్లింది. "ఇదేంటండీ అచ్యుతరావు గారూ? కార్యాలయం దగ్గర మీ ఇంటి నంబరు పడిందే?"

హాల్లో కాగితాల గలగల. అందరూ పైకి చూశారు. అచ్యుతరావు కప్పు సాసరులో పెట్టాడు. అది చప్పుడు చేసింది.

"మోటారు గదికి మునిసిపల్ నంబరు లేదండీ," అన్నాడు. "నంబరు లేని చోటికి టపా రాదు. లెటర్‌హెడ్ మీద నంబరు లేకపోతే బాగుండదని..."

"మార్పించెయ్యండి మరి."

మాట్లాడింది శివరాములు. గొంతు తగ్గించి, బట్ట కొలత తప్పు కోశాక గిరాకీతో మాట్లాడినట్టుగా చెప్పాడు. "వెయ్యి కొట్టించినం సార్. పొద్దుగాల డెలివరీ సుత ఇచ్చిన్రు. కట్టలు నా దుకాణంల ఉన్నయి."

వెయ్యి. నెలకొక మీటింగుకి ఇంటికొకటి పంచినా, ఏ ఏడాదికి అయిపోతాయో తల్లోనే లెక్కలు కట్టారు. కొందరి పెదాలు కదిలాయి. పారేద్దామని ఎవరూ అనలేదు. వీళ్లు పెళ్లిపత్రికల వెనకవైపు చాకలి పద్దు రాసుకునే మనుషులు. పైగా పారేస్తే ఆ కాగితాల్లో వేరుశనక్కాయల పొట్లాలు కడతారు, పొట్లం మీద బి.కాం., పాసైన సంవత్సరంతో సహా ఉంటుంది.

"వెయ్యి అయ్యేదాకా అక్కడే ఉండనిద్దాం," అన్నాడు రామ్మోహనరావు. "మీ వరండా కూడా విశాలంగానే ఉంటుంది. మీకు అభ్యంతరం లేదు కదా?"

లేదన్నాడు అచ్యుతరావు. మరి మోటారు గది విషయం అని ఒకాయన మొదలుపెట్టాడు. ఆఫీసు వరండాలోకి వచ్చేసింది కదండీ, ఇంకా ఆ గదెందుకు, చెమ్మగా ఉంటుంది, కాగితాలు పాడవుతాయి అన్నాడు పక్కాయన. అందరూ తలలూపారు. ఈ తీర్మానం మాత్రం ఎక్కడా రాయడానికి చోటు లేకపోయింది.

మీటింగు ముగిశాక అచ్యుతరావు ఇంటివైపు కాకుండా నీళ్ల సంపు వైపు నడిచాడు. మోటారు గది తలుపు తెరిచి ఉంది. లోపల గోడలు బోసిగా ఉన్నాయి. పటాలు, కేలండరు, ఇనప మేకులు కూడా తీసేశారు. మధ్యలో మూటలు. పాత చీరల్లో కట్టి, గట్టిగా ముడులు వేసి, తలుపు వైపు వరసగా పెట్టారు. పోచమ్మ ఒక మూట మీద కూచుని ఉంది. సారయ్య పంపు పక్కన నేల మీద గొంతుక్కూచుని బీడీ ముట్టించకుండా చేతిలో తిప్పుతున్నాడు. ఆయన్ని చూసి ఇద్దరూ లేచారు.

"ఎప్పుడు పోవాలె సారూ?" అన్నాడు సారయ్య.

అచ్యుతరావు తల అడ్డంగా ఊపి, నీ పేరు రాలేదని చెప్పాడు. పోచమ్మ ఆయన ముఖంలోకి చూసి, ఒక చిన్న మూట విప్పి స్టవ్వు తీసింది, గిన్నె తీసింది, గ్లాసులు తీసింది. టీ పెట్టింది. మిగతా మూటలు ముట్టుకోలేదు.

టీ గ్లాసు అందుకుని అచ్యుతరావు పెద్ద మూటొకటి దగ్గరికి లాక్కుని దాని మీద కూచోబోయి, ఆగి, వంగి దాని ముడి పట్టుకుని లాగాడు. అది రాలేదు.

"ఉండనియ్యిన్రి సారూ," అంది పోచమ్మ. "ఈ నెల పోకుంటే వచ్చే నెల. మల్ల కట్టుడెందుకు?"

"విప్పమ్మా. వచ్చే నెల కాదు, ఏ నెలా కాదు. ఆఫీసు మా వరండాలోకి వచ్చింది. వెయ్యి కాగితాల మీద అచ్చయిపోయింది. ఒక్క కాగితం కూడా వాళ్లు పారెయ్యలేరు."

పోచమ్మకి కాగితాల సంగతి ఎంతవరకు అర్థమైందో తెలీదు గానీ, ఆ మనుషుల సంగతి ఇన్నేళ్లుగా వాళ్ల గిన్నెలు తోమింది కాబట్టి బాగా తెలుసు. అడుగంటిన గిన్నెలో చారెడు అన్నం కూడా వదలనివాళ్లు. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, ముందుకి వంగి, పళ్లతో పెద్ద మూట ముడి పట్టి లాగింది. ముడి ఊడింది. దుప్పట్లు, ఒక పాత రేడియో, పిల్లల బడి పలక, చేటలు నేల మీదికి జారాయి. సారయ్య లేచి, మేకు పెరికిన చోట గోడ కన్నంలో వేలు పెట్టి చూసి, మళ్లీ మేకు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించడం మొదలుపెట్టాడు.

పోచమ్మ పలక ఎత్తి పక్కన పెడుతూ ఆగింది.

"మీ వరండల ఆఫీసా? అమ్మకు చెప్పిన్రా సారూ?"

అచ్యుతరావు గ్లాసులోకి చూశాడు. అడుగున కాస్త ఉంది, అది కూడా తాగాడు.

"ఇంకొంచెం టీ ఉందా అమ్మా?" అన్నాడు.